మన రక్తములో ఉప్పెంత? నీరెంత?



కొన్ని ఏండ్ల క్రితము ఒక మే నెలలో మొయినాబాదు మండలములోని ఎంకపల్లికి ఒక కుటుంబమును చూడడానికి వెళ్ళాము. వాకిట్లో నులక మంచము మీద ఏడాది నిండిన బాబు పడుకొని ఉన్నాడు. తెల్లవారుజాము నుండి విరేచనాలట. కండ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీరు రావడము లేదు. మంచము క్రింద పండ్ల బొమ్మలున్న చిన్న అట్టడబ్బాలు రెండు కనబడ్డాయి. వాటి మీద ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలున్నాయి.

"నీళ్లు తాపితే ఇంకా ఎక్కువైతదని మా అత్తమ్మ తాపనియ్యలే సారూ. దుకాణంల ఇవి ఇచ్చిండ్రు, ఇవే తాపిన" అని తల్లి చెప్పింది.

ఆ అక్షరాలు చూచి మేము కూడా సరేననుకున్నాము. డబ్బా వెనుక సన్నగా అచ్చువేసినది చదివిన తరువాత గాని అది తీపి పానీయమని మాకు తెలియలేదు. అందుకే ఈ నెల రక్తమును గూర్చి, అందులోని ఉప్పునీటిని గూర్చి వ్రాస్తున్నాము.

60 కిలోల మనిషిలో సుమారు 36 లీటర్లు నీరే. అందులో మూడింట రెండు వంతులు జీవకణముల లోపల ఉంటుంది. మిగిలినది కణముల చుట్టూ, రక్తములోనూ ఉంటుంది. రక్తము మొత్తము 5 లీటర్లకు అటూ ఇటూ. దానిలో సగము కంటే కొంచెము ఎక్కువ ప్లాస్మా అనే పసుపుపచ్చని ద్రవము. మిగిలినదంతా దాదాపు ఎర్రకణములే. ఒక్కొక్క ఎర్రకణము 120 రోజులు బ్రతుకుతుంది. ప్లాస్మాలో నూటికి 90 పాళ్లకు పైగా నీరు, అందులో ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైను సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండేది, రక్తపు ఉప్పదనముతో సరిపోవాలనే.

మనము పచ్చడి ఎక్కువ తిన్నా, ఎండలో చెమటోడ్చినా ఈ ఉప్పదనము ఎక్కువ మారదు. ఇదెట్లు సాధ్యము? మొయినాబాదు ప్రాంతము వారికి ఒక ప్రక్క గండిపేట, అంటే ఉస్మాన్ సాగరు, ఇంకొక ప్రక్క హిమాయత్ సాగరు. 1908 మూసీ వరద తరువాత కట్టినవి. నీరు ఎక్కువైతే గేట్లు ఎత్తుతారు, తగ్గితే దించుతారు. మన మూత్రపిండములు అదే పని రాత్రింబగళ్లు చేస్తాయి. దినమునకు 180 లీటర్ల ద్రవమును వడపోసి, దాదాపు అంతా తిరిగి రక్తములోనికే పంపి, లీటరున్నర మాత్రము బయటకు విడుస్తాయి. రక్తము నూటికి ఒకటి రెండు పాళ్లు చిక్కబడితే చాలు, మెదడు దాహము పుట్టిస్తుంది, నీటిని పట్టి ఉంచుమని మూత్రపిండములకు కబురు పంపుతుంది. ఈ సమస్థితికి అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. పేరు పెద్దదే గాని సంగతి మన చెరువు గేటు సంగతే.

అయితే గేటు దించినా చెరువులోనికి నీరు రావాలి కదా. 10 కిలోల బిడ్డలో రక్తము మొత్తము 800 మిల్లీలీటర్లకు మించదు. గట్టి విరేచనములలో ఆ బిడ్డ శరీరము నుండి లీటరు నీరు పోవచ్చును. మొదట కణముల చుట్టూ ఉన్న నీరు తరుగుతుంది, పిమ్మట రక్తమే తగ్గుతుంది. నాడి వేగమవుతుంది, కాళ్లు చేతులు చల్లబడతాయి, మూత్రము ఆగిపోతుంది.

అటువంటప్పుడు నీరు ఆపడము అన్నిటికంటె ప్రమాదము. ఆ అత్తమ్మను మేము తప్పు పట్టము, మన పెద్దలలో చాలామంది అలాగే నమ్మారు. ఉత్త నీరు ఆపడము కంటె మేలే గాని, పోయిన ఉప్పును తిరిగి ఇవ్వదు. మరి తీపి డబ్బా? ఆవకాయకు ముక్కలు కోసి ఉప్పు చల్లితే నీరు ఊరుతుంది గదా. ప్రేగులో చక్కెర చిక్కనైనా అంతే, ఒంటిలోని నీటినే లోపలికి లాగుకొంటుంది. విరేచనము ఇంకా పెరుగుతుంది.

చక్కెరే కొలతలో ఉంటే మేలు చేస్తుంది. ప్రేగు గోడలో ఒక ద్వారమున్నది. ఉప్పు, గ్లూకోజు జతగా వస్తేనే అది తెరుచుకొంటుంది, నీరు వాటి వెంట పోతుంది. కలరాలో కూడా ఈ ద్వారము చెడదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాలులోని బనగావ్ శరణార్థుల శిబిరములో కలరా వచ్చి సెలైను అయిపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో పెట్టించి త్రాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపునకు దిగాయి.

ఇప్పటి పొట్లములో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియము క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. ఈ కొలత లేని పానీయములకు ఓ.ఆర్.ఎస్. పేరు తగదని హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకు కూడా వెళ్ళారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఉత్తరువు ఇచ్చింది. అయినా కొనేటప్పుడు వెనుక వైపు చదవండి.

పొట్లము మీద ఎంత నీరు వ్రాసి ఉంటే అంతే, కాచి చల్లార్చి కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేండ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా పట్టాలి. తల్లిపాలు ఆపవద్దు. పొట్లము దొరకకపోతే లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. బిడ్డ మత్తుగా ఉన్నా, త్రాగలేకపోయినా, విరేచనములో రక్తము పడినా ఇంట్లో ఉంచక వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

ఆ దినము ఆశా కార్యకర్త ఇంటి నుండి పొట్లము తెప్పించాము. అప్పుడు తల్లి, "లీటరంటే మా చెంబుతోని ఎన్ని సారూ?" అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. చివరకు ఖాళీ నీళ్ల సీసా ఒకటి వెదకి తెచ్చి కొలిచాము. చెంచా చెంచాగా త్రాగిస్తూ ఉంటే, దీపాలు పెట్టే వేళకు బాబు మంచము తడిపాడు. అత్తమ్మ నవ్వుతూ లేచి గుడ్డ మార్చింది.