ఉబ్బసము - పీల్చుమందు

మన దేశమున ఉబ్బసరోగి వ్యాధికంటె మందునకే యెక్కువగా వెఱచుచున్నాడు. పీల్చుమందు ఒకసారి పట్టినచో జన్మాంతము విడువదను మాట పల్లెలయందును పట్టణములయందును వేదవాక్యమువలె చెల్లుచున్నది. పెండ్లి కావలసిన పిల్ల యున్న యింట ఆ చిన్న సాధనమును పెట్టె యడుగున దాచుదురు. అర్ధరాత్రమున ఊపిరి యాడనప్పుడు అది చేతి కందదు. ఈ భీతికి మూల్యము ప్రాణములు. 2019 నాటి ప్రపంచ వ్యాధిభార గణన ప్రకారము లోకమందలి ఉబ్బసరోగులలో మనవారు నూటికి 13 మంది. ఉబ్బసమరణములలో మాత్రము మనవి నూటికి 40కి పైగా నున్నవి.

ఈ భయము నిరాధారమని యొక్క లెక్కయే తెలుపును. సాల్బుటమాల్ మాత్ర 2 లేక 4 మిల్లీగ్రాములు. అదే మందు పీల్చునపుడు ఒక్క పీల్పునకు 100 మైక్రోగ్రాములు. అనగా పెద్దమాత్ర యొకటి 40 పీల్పులకు సమానము. మాత్ర కడుపున కరగి, రక్తమున గలసి, గుండెను దడదడలాడించి, పిదప ఊపిరితిత్తులు చేరును. పీల్చుమందు నేరుగా శ్వాసనాళములకే పోవును. ఇక వీనిలో దేనికి వెఱవవలయునో పాఠకులే యోచింతురు గాక. నిత్యము వాడుటయే బానిసత్వమందురా? సులోచనములు ధరించువానిని వానికి బానిస యనుచున్నామా?

మఱియొక పొరపాటు ఇంతకంటె ఘోరమైనది. సాల్బుటమాల్ వంటివి బిగిసిన శ్వాసనాళములను నిమిషములలో సడలించును. బ్యూడెసొనైడ్, బెక్లొమెథసోన్ వంటి స్టెరాయిడులు నాళములలోని వాపును క్రమముగా తగ్గించును. వ్యాధికి మూలము ఆ వాపే. వెంటనే సుఖమిచ్చుదానిని నమ్మి, నిదానముగ కాపాడుదానిని రోగి మానుచున్నాడు. పెద్దలకును కౌమారవయస్కులకును ఉపశమన మందు నొక్కదానినే వాడుట కూడదని, స్టెరాయిడు తోడుగ నుండవలయునని గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్త్మా సంస్థ 2019లో నిర్దేశించినది. స్టెరాయిడు పీల్చినపిదప నోరు పుక్కిలించుట మఱువరాదు.

పీల్చుట పరాయి పద్ధతి యనువా రొక సంగతి స్మరింపవలయును. ఉమ్మెత్త పొగద్రావి ఉబ్బసమును శమింపజేయు పద్ధతి 1802లో చెన్నపట్టణమునుండియే బ్రిటనుకు పోయినది. ఆ పొగ విషము, నేడెవ్వరును త్రాగరాదు. కాని ఆ జాతి మొక్కలలోని అట్రొపీన్ పోలికనే ఇప్రట్రోపియమ్, టయోట్రోపియమ్ అను మందులు వెలసినవి. పొగాకుచేతను పొయ్యిపొగచేతను ఊపిరితిత్తులు చెడినవారికి నేడవి యాధారము.

మృగశిర కార్తెనాడు చేపమందునకై హైదరాబాదునకు వేలకొలది జనులు వత్తురు. వారి విశ్వాసమును మేము హేళన సేయము. కాని దానిచే ఉబ్బసము కుదురునని శాస్త్రపరీక్షచే నిరూపితము కాలేదు. చేప మ్రింగితినని పీల్చుమందు మానుట ప్రమాదము.

సాల్బుటమాల్, బ్యూడెసొనైడ్, టయోట్రోపియమ్ మూడును 2022 నాటి మన జాతీయ అత్యావశ్యక ఔషధముల పట్టికలో గలవు. మన కర్మాగారములలోనే తయారై విదేశములకు సైతము ఎగుమతి యగుచున్నవి. పట్టికలో నుండుట చాలదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు అలమరలో నుండవలయును. పీల్చు విధమును నేర్పువారును అచట నుండవలయును. ప్రభుత్వ మీ బాధ్యతను వహించుగాక. గృహస్థులు తమ యింటి రోగిచే వైద్యుడు చెప్పిన మందును దాపఱికము లేక, తప్పక పీల్పింతురు గాక.