మార్కులెవ్వరివి?

ప్రతి వేసవియందును పదవతరగతి ఫలితములు వెలువడుచుండును. మరునాటి పత్రికలలో నవ్వుమొగముల ఛాయాచిత్రములు, వానిక్రింద అంకెలు, ఆ ప్రక్కనే జిల్లాల వరుస. ఏ జిల్లా ముందున్నది, ఏ జిల్లా వెనుకబడినది అని నాలుగు దినములు చర్చ సాగును. తప్పిన బాలునిది మందబుద్ధి యనియో, ఉపాధ్యాయునిది అశ్రద్ధ యనియో తీర్పు చెప్పి లోకము తన పనిలో తాను పడును. ఈ తీర్పు చెప్పుటలో పట్టణవాసులము, పఠనమందిరములలో పత్రికలు తిరుగవేయు మనమే ముందుందుము.

ఆ జిల్లాల వరుసను కొంచెము నిదానించి చూచినచో వేరొక సంగతి కనుపింపక మానదు. 2011 జనగణనమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో అక్షరాస్యులు నూటికి 67 మంది. హైదరాబాదులో ఆ సంఖ్య 80 దాటినది. అచ్చటినుండి రెండు మూడు గంటల ప్రయాణములో నున్న మహబూబునగరము జిల్లాలో 55. ఒకే ప్రభుత్వము, ఒకే పాఠ్యపుస్తకము, ఒకే పరీక్ష. పాలమూరు తల్లులు మందబుద్ధులనే కనుచున్నారని యెవ్వరైన ననగలరా?

మనకొక ప్రియమైన కథ కలదు. దరిద్రుడైన బాలుడొకడు వీథిదీపము క్రింద చదివి, కేవలము తన ప్రజ్ఞచేతనే పైకి వచ్చెను. పట్టుదల గలవానికి అడ్డేమున్నదని ఈ కథను పిల్లలకు చెప్పుచుందుము. వీథిదీపమైనను మునిసిపాలిటీవారు పెట్టినదే కదా యని మాత్రము తలపోయము. ఆ బాలుడు ఏ యింట భుజించెనని యడుగము.

వారములు చేసికొని చదువుట యనగానేమో నేటి పిల్లలకు తెలియదు. ఆదివారమొకరింట, సోమవారమొకరింట, ఏడు దినములకు ఏడు గృహములు. ఊరుగాని ఊరికి చదువవచ్చిన పేదపిల్లవానికి ఏనాటికానాడు విస్తరి సిద్ధము. ఒక తరమునకు చెందిన వకీళ్లు, పండితులు, ఉద్యోగస్థులు పలువురు ఈ విస్తళ్లమీద పెరిగినవారే. దీనిని మనము దయ యందుము. నిజమునకు ఇదియొక విద్యావ్యవస్థ. ఉపాధ్యాయుని జీతము సర్కారు లెక్కలలో కనుపించును. ఈ భోజనము ఏ లెక్కలోను కనుపింపదు. అయిన నేమి, అది లేనిచో బడి తలుపు తెరచియున్నను బాలుడు లోపలికి రాలేకపోయెడివాడు.

కాని ఆ యేడిండ్లకును కులమను గడప యొకటి యుండెను. వారము దొరకుటకు తగిన పుట్టుక కావలెను. మాలపల్లెనుండి వచ్చిన బాలునికి అగ్రహారమున ఏ దినము వారము దొరకును? ఒకడు చదివెను, ఒకడు చదువలేదు. మనము తూచినది వారి బుద్ధులనా, వారి విస్తళ్లనా?

ఆంధ్రకేసరి ప్రకాశముపంతులుగారి బాల్యము మనకందరకును తెలిసినదే. తండ్రి గతించిన పిమ్మట తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడపి పిల్లలను పోషించినది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి, తాను రాజమహేంద్రవరమునకు మారినప్పుడు వెంట గొనిపోయి చదివించెను. పంతులుగారి ప్రజ్ఞను శంకించువారు లేరు. అయినను ఆ తల్లి, ఆ గురువు లేనిచో ఆ ప్రజ్ఞ ఒంగోలు వీథులు దాటి యుండునా? అట్టి గురువు దొరకని బాలురు ఆనాడు ఒంగోలులో ఎందరుండిరో చరిత్ర వ్రాయదు.

ఈ సూక్ష్మమును కులపెద్దలు ముందుగనే గ్రహించిరి. 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసెను. పల్లెనుండి వచ్చిన బాలునికి భోజనము, దీపము, తోడి చదువరులు ఒక్క కప్పుక్రింద దొరకుటతో ఆ వర్గమున విద్య యెట్లు వ్యాపించినదో చెప్పనక్కరలేదు. ధనికులు లేని వర్గములకు ఆ భాగ్యము లేదు. భాగ్యరెడ్డివర్మగారు 1910 మొదలు అదే నగరమున అస్పృశ్యులనబడిన వారి పిల్లలకు పాఠశాలలు తెరువవలసి వచ్చినది వారికి తక్కిన బడుల తలుపులు మూసియుండుటచేతనే. హాస్టలు మాట అటుండగా, అచ్చట బడియే ఒక పోరాటము.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఈ బాధ్యత ప్రభుత్వముపై పడెను. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల నెలకొన్నది. 1980 తరువాత ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పూనికతో సాంఘికసంక్షేమ గురుకులములు వచ్చినవి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిన పదమూడేండ్ల మాలావత్ పూర్ణయు, ఆమెతో నెక్కిన ఆనందకుమారును ఈ గురుకులముల విద్యార్థులే. కూలిచేసికొను గిరిజనకుటుంబపు బాలిక ఆమె. అట్టి బాలికలు అంతకుముందును మన పల్లెలలో లేకపోలేదు.

అయినను గురుకులమున సీటు దొరకినవారు కొందరే. తక్కినవారి సంగతి యేమి? ఇటుకబట్టీలను చూడుడు. కార్తీకము దాటగానే కుటుంబములు బయానా పుచ్చుకొని బట్టీలకు తరలును. తొలకరికి గాని తిరిగిరావు. కూలి వేయి ఇటుకలకింత యని కట్టుదురు గనుక పిల్లవాని చేతులును లెక్కకు వచ్చును. ఇటుకలు త్రిప్పి యారబెట్టు పని వానిదే. జూన్‌లో బడి రిజిస్టరున చేరిన పేరు డిసెంబరునకు పేరుగా మాత్రమే మిగులును. పరీక్షలనాటికి వాడు మూడువందల మైళ్ల దూరమున నుండును. ఒడిశాలోని బలంగీరు ప్రాంతమునుండి తెలంగాణపు బట్టీలకు వచ్చు పిల్లలకు బడి కూతవేటు దూరముననే యున్నను అందలి భాష తమది కాదు. మన బడి పంచాంగమును కూలివాని పంచాంగముతో పోల్చి చూచిన విద్యాధికారి యెవ్వరైన నున్నాడా యని మా సందేహము.

కర్నూలు, పాలమూరు సీమల సీడుపత్తి చేలలో పూవుపూవునకు పుప్పొడి అద్దు పని కలదు. రైతులు దానిని క్రాసింగు అందురు. 2000 ప్రాంతమున వేలకొలది బాలికలు ఈ పనిలో నుండిరి. నేడు తగ్గినను రూపుమాయలేదు. పత్తి పూయు నెలలే బడిలో పాఠములు ముమ్మరముగా సాగు నెలలు. బాలికలనే యేల పిలుతురన్న, వారి వ్రేళ్లు సన్నములని చెప్పుదురు. వారి కూలి తక్కువ యని చెప్పరు.

ఇచ్చట కొందరొక వాదము చేయుదురు: దారిద్ర్యమున్నంతకాలము ఇంతే, బడి యేమి చేయగలదు? ఈ వాదమునకు పాండిత్యపు బలముకూడ కలదు. 1966లో అమెరికాలో కోల్‌మన్ అను సాంఘికశాస్త్రజ్ఞుడు సుమారు 6 లక్షల విద్యార్థులను పరీక్షింపజేసి, బడి కట్టడములు, పరికరములకంటె ఇంటి స్థితియు, తోడి విద్యార్థుల స్థితియు ఫలితములను ఎక్కువగా నిర్ణయించుచున్నవని తేల్చెను. దీనినిబట్టి బడివలన ప్రయోజనము లేదనువారు బయలుదేరిరి. మేమందుకు సమ్మతింపము. 1990 తరువాత రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హాగారును ఎం.వి. ఫౌండేషనువారును చేసిన పని ఆ వాదమునకు సమాధానము. బడికి రాని ప్రతి బిడ్డయు కూలిబిడ్డయే యని వారు పట్టుపట్టిరి. పల్లె యువకులే ఇల్లిల్లు తిరిగి తల్లిదండ్రులతోను, పనిలో పెట్టుకొన్న ఆసాములతోను వాదించిరి. వెనుకబడిన పిల్లలకు శిబిరములు పెట్టి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. ఆ తల్లిదండ్రుల పేదరికము ఒక్క యేటిలో తీరలేదు. తీరినది ఊరి అలవాటు. పేదవాడు బిడ్డను చదివింపగోరడను మాట ఎవరు పుట్టించిరోగాని, ఆ పల్లెలలో అది నిలువలేదు. 2003లో ఆమెకు మెగసెసే బహుమానము వచ్చినప్పుడు మనము పొంగితిమి. ఆ పద్ధతిని మన యూరిలో నమలుచేసితిమా యనునది వేరు ప్రశ్న.

కోల్‌మన్ చెప్పిన రెండవమాట, తోడి విద్యార్థుల మాట, మనకు మరింత తగులవలసినది. ముప్పది నలువది యేండ్ల క్రిందట మునిసిపల్ హైస్కూలులో వకీలు కొడుకును రిక్షావాని కొడుకును ఒకే బల్లపై కూర్చుండిరి. మరుగుదొడ్డి పాడైన వకీలు వచ్చి ప్రధానోపాధ్యాయుని నిలవేసెడివాడు. అతడు తన బిడ్డను ప్రయివేటు బడికి మార్చిననాడు ఆ బడి పోగొట్టుకొన్నది ఒక్క విద్యార్థిని కాదు, తనకొరకు మాటాడు గొంతును. మన బిడ్డలను తీసికొనిపోయి, మిగిలినవారికి మార్కులు రాలేదని మనమే యాక్షేపించుచున్నాము.

అన్నము సంగతియు నిట్టిదే. 1920లో పిట్టి త్యాగరాయశెట్టిగారి కాలమున మద్రాసు కార్పొరేషను బడిపిల్లలకు భోజనము పెట్ట మొదలిడెను. దేశమంతట బడిలో వండిన యన్నము పెట్టవలెనని సుప్రీముకోర్టు ఉత్తరువు చేయుటకు 2001 నవంబరు వరకు పట్టినది. పదియేండ్లలో పిల్లలందరకు ఉచితవిద్య నిచ్చుటకు యత్నింపవలెనని 1950లో వ్రాసికొన్న రాజ్యాంగము, దానిని హక్కుగా అమలుపరచినది 2010 ఏప్రిల్‌లో! 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మధ్యాహ్నభోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. గోదావరి లంకలలో వేళకాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించిన ఇల్లాలి పేరది. అదే సంవత్సరము తెలంగాణ ప్రభుత్వము హాస్టళ్ల భోజనవ్యయమును ఒక్కమారుగా నూటికి 40 వంతున పెంచినది. పెంచినందులకు సంతోషమే. కాని ఒక్కమారే అంత పెంచవలసి వచ్చినదనగా, అంతకుముందు ఆ పిల్లల పళ్లెములలో ఎంత తక్కువ పడుచుండెనో లెక్కవేసికొనవచ్చును. ధరలు పెరిగినప్పుడెల్ల ఉద్యోగికి కరువుభత్యము తనంతట వచ్చును. హాస్టలు బాలునికేల రాకూడదు?

ప్రతి పట్టణమునను ఒక సంక్షేమహాస్టలు కలదు. పాఠకులలో ఎంతమంది దాని గుమ్మము తొక్కిరి? నెలకొక రాత్రి ఇద్దరు పెద్దమనుష్యులు అధికారుల యనుమతితో పోయి, ఆ పిల్లల పంక్తిలోనే కూర్చుండి భుజించి, నీళ్లు, దీపములు, చదువుచోటు ఎట్లున్నవో వ్రాసి పఠనమందిరపు గోడకు అంటింపవలెను. మందిరమునుకూడ పరీక్షల మూడుమాసములు రాత్రి పదిగంటలవరకు తెరచియుంచి, ఒంటిగది యిండ్ల పిల్లలకు రెండు బల్లలు విడిచిపెట్టవలెను. కరెంటుఖర్చు మాత్రమే యగును.