ఆ కాగితం మీ కోసమే

చిరంజీవులైన అమ్మాయిలకు,

పదో తరగతి పరీక్షలకు చదువుతున్నవాళ్లకు, ఇంటర్ ఎంపీసీలో తలమునకలుగా ఉన్నవాళ్లకు, ఇంజనీరింగ్ చదవాలని మనసులో ఉన్నా ఇంట్లో ఆ మాట ఎత్తడానికి అదను కోసం చూస్తున్నవాళ్లకు, మీ అమ్మమ్మ ఈడు పంతులమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ముప్ఫై ఏళ్లకు పైగా ఒక ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి 2017లో రిటైరయ్యాను. ట్రాన్స్‌ఫార్మర్ గురించీ ఇండక్షన్ మోటార్ గురించీ నాకు తెలిసినదంతా తరగతిలోనే చెప్పేశాను. చెప్పాల్సిన వేళకు చెప్పక, ఒక పిల్లను పోగొట్టుకున్న మాట మాత్రం ఒకటి మిగిలిపోయింది. అది మీకు చెప్పాలని కూర్చున్నాను.

రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. మెషీన్స్ ల్యాబ్‌లో ఆమె పని చూడాలి. సర్క్యూట్ డయాగ్రమ్ ఒక్కసారి చూసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా వైర్లు బిగించేసేది. డీసీ మోటార్ స్టార్టర్ మీద చెయ్యి వేసే ముందు ఫీల్డ్ రియోస్టాట్ ఎక్కడుందో తనే సరిచూసుకునేది. మిగతావాళ్లకు ఆ మాట నేను వెనక నిలబడి గుర్తుచేయాల్సి వచ్చేది. 2016 సంక్రాంతి సెలవులకు ఊరెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు.

నెల రోజులు చూసి వాళ్ల ఊరు వెళ్లాను. తండ్రి తాపీ మేస్త్రి. పరంజా మీంచి పడి నడుం దెబ్బతిని మంచంలో ఉన్నాడు. అమ్మాయి పక్క టౌన్లో బట్టల కొట్టులో పనికి కుదిరింది. నెలకు 4,000 జీతం. తమ్ముడు ప్రైవేటు కాలేజీలో ఇంటర్ చదువుతున్నాడు. వాడి చదువు ఆగలేదు.

ఆ అమ్మాయి మా దగ్గర చేరిన ఏడాదే, టెక్నికల్ కోర్సుల్లో చేరిన ఆడపిల్లల కోసం ఒక కేంద్ర స్కాలర్‌షిప్ మొదలైంది. ఏడాదికి 50,000 రూపాయలు. ఆమెకు మార్కులున్నాయి, ఇంటి ఆదాయం ఎప్పుడూ పరిమితి దరిదాపుల్లో లేదు. సర్క్యులర్ మా నోటీసు బోర్డు మీద నెల రోజులు వేలాడింది. "చూడలేదా అమ్మా?" అని అడిగాను.

"చూశాను మేడం. ఇంగ్లీషులో ఉంది. అది నాకు కాదనుకున్నాను" అంది.

మరి నేను? ఆ నెలంతా ఆ బోర్డు పక్కనుంచే క్లాసుకు వెళ్లాను. అది ఆఫీసువాళ్ల పని అనుకున్నాను. ఆ పిల్ల ఒకటనుకుంది, నేనొకటనుకున్నాను. ఇద్దరం కలిసి ఒక్క మాట మాట్లాడుకోలేదు. చేరిన ఏడాదే దరఖాస్తు పెట్టుకోవాలన్నది దాని నిబంధన. మేం మాట్లాడుకునేసరికి గడువు దాటి ఏడాదైపోయింది. ఫీజు మేమంతా తలా కొంచెం వేసుకుని కడతామన్నాం. "ఫీజుదేముందమ్మా, ఇల్లు గడవాలి కదా" అంది తల్లి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు తక్కువే, ఆమె అన్నది నిజం. కొట్టులో ఏడాదంతా నిలబడితే వచ్చేది 48,000. చదువుకుంటూ ఉంటే వచ్చి ఉండాల్సింది 50,000. తిరుగు బస్సులో ఆ లెక్క వేసుకుంటూ వచ్చాను. ఆ పిల్ల మళ్లీ కాలేజీకి రాలేదు.

ఆ ఏడాది జూన్ నుంచి రిటైరయ్యేదాకా కొత్త బ్యాచ్‌కు నా మొదటి గంటలో ఓమ్ నియమం చెప్పలేదు, కాగితాల పాఠం చెప్పాను. ఇప్పుడు నాకు తరగతి లేదు కాబట్టి అదే పాఠం ఇలా ఉత్తరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మనిషి గురించి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి పిల్ల. 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట భర్త పోయాడు. చేతిలో నాలుగు నెలల ఆడబిడ్డ. ఆ రోజుల్లో వితంతువు బతుకు ఎలా ఉండేదో మీ ముత్తవ్వల కథలు విన్నవాళ్లకు తెలుస్తుంది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. తన కూతుర్ని చేర్చుకోమని ఆయన ప్రిన్సిపాల్‌నీ, పైఅధికారులనూ అడిగి ఒప్పించారు. అంతవరకూ మగపిల్లలే చదివిన ఆ కాలేజీలో 1940లో లలిత చేరింది. తర్వాత సివిల్‌లో మరో ఇద్దరు అమ్మాయిలు, లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా వచ్చారు. చదువు పూర్తయి పట్టా ఇచ్చే రోజు వచ్చింది. పట్టా కాగితం మీద "అతడు" అనే ఇంగ్లీషు మాట ముందే అచ్చయి ఉంది. ఇంకోలా అచ్చు వేయాల్సిన అవసరం అంతవరకూ ఎవరికీ రాలేదు మరి. ఆ మాట కొట్టేసి, చేత్తో "ఆమె" అని దిద్ది ఇచ్చారు. మన దేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు పట్టా అది. ఆమె తర్వాత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ యంత్రాల కంపెనీలో పనిచేసింది. భాక్రానంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మహాసభకు వెళ్లింది.

లలితకు ప్రొఫెసర్ తండ్రి ఉన్నాడు. ఎవరి గది తలుపు తట్టాలో ఆయనకు తెలుసు. తాపీ మేస్త్రి కూతురికీ, కౌలురైతు కూతురికీ, మిషను కుట్టి ఇల్లు నడిపే తల్లి కూతురికీ ఆ తలుపు తట్టిపెట్టేవాళ్లు ఎవరు? స్కాలర్‌షిప్ ఉన్నది అందుకే. సుబ్బారావుగారు కూతురి కోసం అడిగిన మాటను అది మీ కోసం అడుగుతుంది. దాన్ని తీసుకోవడంలో తలవంపు ఏమీ లేదు. మీ నాన్న కొన్న ప్రతి సిమెంటు బస్తా మీదా, మీ అమ్మ కొన్న ప్రతి సబ్బు మీదా పన్ను కట్టారు. ఆ డబ్బులో మీ వాటా అడుగుతున్నారు, అంతే.

ఇక పాఠంలోకి వస్తాను.

నేను చెప్పిన స్కాలర్‌షిప్ పేరు ప్రగతి. ఏఐసీటీఈ, అంటే అఖిల భారత సాంకేతిక విద్యామండలి, 2014–15 నుంచి ఇస్తోంది. ఏడాదికి 5,000 మంది డిగ్రీ అమ్మాయిలకు, 5,000 మంది డిప్లొమా అమ్మాయిలకు, ఒక్కొక్కరికి 50,000 రూపాయలు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో మొదటి సంవత్సరంలో చేరి ఉండాలి, లేదా డిప్లొమా తర్వాత నేరుగా రెండో సంవత్సరంలో చేరి ఉండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకూ ఇస్తారు, కాబట్టి అక్కకు వచ్చిందని చెల్లెలు ఆగిపోనక్కర్లేదు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఊపందుకున్న ఆ పథకం పేర్లు మారుతూ నేటికీ నడుస్తోంది. అది చాలా ఇళ్లలో తొలి ఇంజనీరును తయారుచేసింది. అయితే అది చూసుకునేది ముఖ్యంగా ట్యూషన్ ఫీజు. బస్ పాస్, డ్రాఫ్టర్, రికార్డులు, ల్యాప్‌టాప్, మెస్ బిల్లు మీ ఇంటి మీదే పడతాయి. వాటి దగ్గరే ఆడపిల్ల చదువు తరచుగా ఆగుతుంది. ఒక ప్రభుత్వ సాయం తీసుకుంటూ ఇంకొకటి తీసుకోవచ్చో లేదో ప్రతి పథకం నిబంధనల్లో రాసి ఉంటుంది. చదివి, మీకు ఏది ఎక్కువ మేలో చూసుకోండి. దాచిపెట్టి రెండూ తీసుకోవద్దు.

ఐఐటీ అంటే లక్షలు కావాలని మొదటే వెనక్కి తగ్గకండి. అక్కడ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే ఎవరికైనా మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. 2018కి ముందు ఐఐటీల్లో అమ్మాయిలు నూటికి పదిమంది కూడా ఉండేవాళ్లు కాదు. ఆ ఏడాది నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టారు. అబ్బాయిల సీట్లు తగ్గించకుండా మీ కోసం విడిగా కలిపిన సీట్లవి.

పదో తరగతి పిల్లలూ, మీకు ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలిసెట్ రాసి డిప్లొమా చదివి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లొచ్చు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంటాయి. ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ మార్కుల మీద కొంత అదనంగా కలుపుతారు. ప్రైవేటు సంస్థలు ఇచ్చే స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన అమ్మాయిల కోసం సంతూర్ స్కాలర్‌షిప్ మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మంచి మార్కులతో ఇంజనీరింగ్‌లాంటి వృత్తివిద్యలో చేరిన అమ్మాయిలకు కోటక్ కన్యా స్కాలర్‌షిప్ ఏడాదికి 1.5 లక్షల వరకూ ఇస్తుంది.

ఇన్ని ఉన్నా పిల్లలు ఎక్కడ ఆగిపోతారో చెబుతాను. ముందు పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. లక్ష్మి అనే పేరుకు ఇంగ్లీషులో ఒకచోట "కెఎస్" రాస్తారు, ఇంకోచోట "ఎక్స్" రాస్తారు. మనకు ఇద్దరూ ఒకే లక్ష్మి, కంప్యూటరుకు కాదు. మెమోయే ఆధారం కాబట్టి దాన్నిబట్టి ఆధార్ సరిచేయించుకోండి. అడ్మిషన్ల రోజుల్లో ఆధార్ సెంటర్ దగ్గరా, మీసేవ దగ్గరా చాంతాడంత క్యూ ఉంటుంది. ఆ పని ఇప్పుడే చేయండి.

తర్వాత బ్యాంకు ఖాతా దగ్గర. నాన్న ఖాతా నంబరు ఇవ్వకండి, మీ పేరున తెరవండి. దానికి ఆధార్ సీడింగ్, అంటే అనుసంధానం, అయిందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయడం ఆగిపోతుంది, అప్పుడప్పుడు వంద రూపాయలైనా వేసి తీయండి. ఇందులో ఇంకో మేలుంది. మీ పేరున వచ్చిన డబ్బు మీ పాస్‌బుక్కులో కనిపిస్తున్నప్పుడు ఇంట్లో మీ చదువు గురించి మాట్లాడే తీరు మారుతుంది. ఎందరో తండ్రుల ముఖాల్లో ఆ మార్పు నేను చూశాను.

ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు, మార్కుల మెమోలు ఒకే ఫైల్లో పెట్టి, ఒక్కోదానికి మూడేసి జిరాక్స్‌లు తీసి ఉంచండి. స్కాలర్‌షిప్ ఒకసారి వచ్చాక నాలుగేళ్లూ దానంతటదే రాదు, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. పై సంవత్సరానికి ప్రమోట్ కాకపోతే ప్రగతి ఆగిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్ కష్టంగా ఉంటుంది. సిగ్గుపడకుండా లెక్చరర్ల గదికి వెళ్లి అడగండి. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లకూ, ఫోన్‌లో ఓటీపీ అడిగేవాళ్లకూ ఏమీ ఇవ్వకండి, ఏమీ చెప్పకండి.

ఇంట్లో మాట ఎలా ఎత్తాలని చాలామంది నన్ను అడిగేవాళ్లు. ఏడుస్తూ అడగొద్దు, అలిగి అడగొద్దు. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగేళ్లకు అయ్యే ఖర్చు ఒకవైపు, వచ్చే సాయం ఇంకోవైపు రాసి నాన్న ముందు పెట్టండి. తమ్ముడి చదువు తీసి నాకు పెట్టమని మీరు అడగడం లేదు. ఇద్దరిలో ఒకరినే చదివించాల్సిన గతి ఆ ఇంటికి పట్టకుండా చేస్తున్నారు. లెక్క చూపిస్తే వినే తండ్రులే ఎక్కువ. వినని తండ్రికి మీ టీచర్ చేత చెప్పించండి. టీచర్లు వెళ్తారు. నేను వెళ్లేదాన్ని, ఒక్కసారి మాత్రం ఆలస్యంగా వెళ్లాను.

ఈ రాత్రి పుస్తకాలు మూసే ముందు ఒక్క పని చేయండి. మీ ఆధార్ కార్డూ, బడి రికార్డులో మీ పేరు ఉన్న కాగితమూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. రేపు కాలేజీలో చేరాక నోటీసు బోర్డు ముందు ఆగండి. అక్కడ ఇంగ్లీషులో ఏముందో కాస్త గొంతెత్తి చదివి, తెలుగులో అర్థం చెప్పండి. మీ పక్కన నిలబడి, అది తనకు కాదనుకుంటున్న పిల్ల ఒకతి ఉంటుంది. ఆమెకు వినబడాలి.

ఇట్లు,
మీ మేలు కోరే
పాత ఎలక్ట్రికల్ పంతులమ్మ