రోడ్డు కారుకు రేసు క్లచ్ ఎందుకు?

పాత మజ్దా మియాటాకు సిరామిక్ క్లచ్, గట్టి సస్పెన్షన్ స్ప్రింగులు వేయించమన్న మీ గత సంచిక వ్యాసంతో నేను ఏకీభవించను. ఆ క్లచ్ వేడిని తట్టుకుంటుంది, నిజమే. కానీ మెల్లగా పట్టుకోదు, ఒక్కసారిగా అతుక్కుంటుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలేటప్పుడు కారు కుదుపుతూనే ఉంటుంది. రోజూ ఆఫీసుకు నడిపే మనిషికి ఆ బాధ దేనికి?

తొలి 1.6 లీటర్ల ఇంజిన్‌కు 200 మి.మీ. క్లచ్ వచ్చేది, తర్వాతి 1.8కి 215 మి.మీ. ఆ పెద్ద క్లచ్‌ను దాని ఫ్లైవీల్‌తో సహా చిన్న ఇంజిన్‌కు బిగించుకోవచ్చు. ఆర్గానిక్ ప్లేటు, మధ్యలో స్ప్రింగులున్నదే తీసుకోండి. టర్బో లేని కారుకు అది చాలు.

సస్పెన్షన్ విషయంలో నాకు ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. ఈ కారులో చక్రం పైకి లేవడానికి ఉన్న చోటే తక్కువ. అందం కోసం కారును కిందికి దించితే ప్రతి గుంతలోనూ సస్పెన్షన్ రబ్బరు బంప్ స్టాప్‌ను గుద్దుకుంటుంది. ముందు అరిగిన షాక్ అబ్జార్బర్లు, ఎండిపోయిన బుష్‌లు మార్పించండి. స్ప్రింగులు మార్చినా, వాటి గట్టిదనానికి సరిపోయే షాకులే వేయించాలి. దయచేసి వచ్చే సంచికలో ఈ సంగతీ రాయించండి.

– ఒక పాఠకుడు