ఉత్తరాలకు అడ్డుపడిన చుక్క

తపాలా కార్యాలయం గుమ్మానికి అడ్డంగా ఎవరైనా బండి నిలిపితే, ఒక్క ఉత్తరం దొంగల పాలు కాకపోయినా ఊరంతా ఇబ్బంది పడుతుంది. కంప్యూటర్ల ద్వారా నడిచే ఈ-మెయిల్‌కూ ఇటువంటి ప్రమాదం ఉన్నదని 2017 నవంబరులో బయటపడిన ఎగ్జిమ్ ఉదంతం చాటిచెప్పింది.

ఈ-మెయిల్ ఉత్తరాలను అందుకుని గమ్యానికి చేరవేసే సాఫ్ట్‌వేర్ ఎగ్జిమ్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో దీనికి శ్రీకారం చుట్టారు. ఉచితంగా లభించడంతో అనేక దేశాలలో వాడుకలోకి వచ్చింది.

ఇది ఉత్తరాలను అందుకునేందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటి దానిలో, ఒక పంక్తిలో చుక్క ఒక్కటే ఉంటే ఉత్తరం ముగిసినట్లు లెక్క. రెండవ దానిలో, వచ్చే భాగం పరిమాణం ఎంతో ముందే చెబుతారు కనుక చుక్కతో పనిలేదు. అయినా ఎగ్జిమ్ 4.88, 4.89 వెర్షన్లు అక్కడ కూడా చుక్క కోసం వెతికాయి. ఈ పొరపాటును కనిపెట్టినవాడు కావాలని చుక్క పెట్టి పంపితే, ఆ ప్రోగ్రాం గానుగెద్దులా తిరిగిన చోటే తిరిగి చివరకు కుప్పకూలుతుంది. ఇందుకు పాస్‌వర్డ్ అక్కరలేదు. పదే పదే పంపితే సర్వర్ స్తంభించి అందరి ఉత్తరాలూ ఆగిపోగలవు.

తయారీదారులు వెంటనే స్పందించారు. రెండవ పద్ధతిని తాత్కాలికంగా మూసివేయమని సూచించి, కొద్ది రోజులలోనే 4.89.1 వెర్షన్‌లో లోపాన్ని సరిదిద్దారు. అయితే మందు సీసాలో ఉన్నంత మాత్రాన జబ్బు నయం కాదు. సవరణను ఎవరి సర్వర్‌లో వారు చేర్చుకోవాలి. నడుస్తున్న యంత్రాన్ని కదిలించడం ఎందుకన్న అలసత్వమే అసలు ముప్పు.

నేడు ఇంటర్వ్యూ పిలుపులు, కళాశాల ప్రవేశ సమాచారం పల్లెలకు సైతం ఈ-మెయిల్‌లోనే వస్తున్నాయి. గడువు దాటాక ఉత్తరం అందితే, సర్వర్ పనిచేయలేదన్న సమాధానం పోయిన అవకాశాన్ని తెచ్చి ఇవ్వదు.

ఇటువంటి లోపాలపై భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2004 నుంచి పనిచేస్తూ హెచ్చరికలు వెలువరిస్తోంది. వాటిని చదివి సవరణలు చేయించే బాధ్యతను ప్రతి కార్యాలయం, ప్రతి కళాశాల ఒకరికి అప్పగించాలి. గడువుతో కూడిన కబురును ఫోన్ ద్వారా, నోటీసు బోర్డు మీద కూడా తెలపాలి. సర్వర్ మొరాయించిన రోజులకు గడువు పొడిగించాలి. ప్రజలు సైతం గడువు దగ్గరపడితే ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూర్చోక, కార్యాలయానికి వెళ్లి విచారించడం మేలు.