బేస్ ఎక్కువ వినిపిస్తే పాటలో బేస్ తక్కువైతది

పోయిన ఎండాకాలం నా దోస్తు ఒక పాట రాసిండు. వాళ్లది మహబూబ్‌నగర్ దిక్కు ఊరు. వాళ్ల నాయిన ఏండ్ల సంది ముంబైలో బిల్డింగ్ పని చేస్తడు. పాలమూరు వలస మీద పాటలు కొత్తేం కాదు, కానీ వీని పాటలో ఉన్నయి వాళ్లింటి మాటలే. ఆఖరి చరణం మొత్తం నాయిన గురించే. వాడే పాడిండు. డప్పు రికార్డ్ చేసి, కింద 808 బేస్ పెట్టి, హాస్టల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ మీద నేను మిక్స్ చేసిన.

దేంతో విన్న? రోజూ వాడే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో. డబ్బా మీదనే 'ఎక్స్‌ట్రా బేస్' అని పెద్దక్షరాలతో ఉంటది. అందులో బేస్ గుండెల మీద కొట్టినట్టు వినపడితే, ఎక్కువైందనుకుని తగ్గించుకుంటూ పోయిన. తర్వాత ఒక బరాత్‌లో డీజే అన్నను బతిమాలి మా పాట పెట్టించినం. అప్పటిదాకా ఎగురుతున్నోళ్లు నిలబడిపోయిండ్రు. పాట ఎండిన రొట్టె లెక్క ఉంది. నేను తగ్గించింది పాటలో ఉన్న బేస్‌ని కాదు, ఇయర్‌బడ్స్ తన దగ్గరి నుంచి కలిపిన బేస్‌ని.

సరే అని సెలవుల్లో నల్లగొండ పోయి ఇంట్ల చిన్న స్పీకర్లతో మళ్లీ కూర్చున్న. ఈసారి ఎంత పెంచినా బేస్ చాలట్లేదు. బావ కారులో, డిక్కీల వూఫర్ ఉంటది, పెట్టి చూస్తే అద్దాలు దడదడలాడినయి. "మాటలు యాడబోయినయ్ రా?" అన్నడు బావ.

దీని లెక్క మన ఫస్టియర్ ఫిజిక్సే. 50 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు దాదాపు 7 మీటర్లు. నా గది 10 అడుగులు, అంటే 3 మీటర్లు. అట్లాంటి గదిలో ఎదురెదురు గోడల మధ్య 57 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతది. గోడ పక్కన గుమ్మని మోగుతది, సరిగ్గా నడుమ దాదాపు మాయమైతది. నేను కుర్చీ వేసుకున్నది సరిగ్గా నడుమనే! పైగా ఇంట్లోవాళ్లు పడుకున్నరని సౌండ్ తక్కువ పెట్టిన. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ఇంకా తక్కువ వినిపిస్తదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించిండ్రు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వు రానిది ఒకటుంది. దోస్తు ఆ పాటను వాళ్ల నాయినకు వాట్సాప్‌లో పంపిండు. ఆయన ఫోన్ స్పీకర్‌లనే విన్నడు. ఆఖరి చరణానికి ముందు నేను డప్పు ఆపేసి బేస్ ఒక్కటే కొంచెంసేపు నడిపించిన, చాలా స్టైల్ అనుకుని. ఫోన్‌లో ఉండే బుడ్డ స్పీకర్ 50 హెర్ట్జ్‌ని పలకలేదు. ఆయనకు వినపడింది నిశ్శబ్దం. పాట అయిపోయిందనుకుని ఆపేసి, "మంచిగుంది బిడ్డా" అన్నడంట. తన గురించి రాసిన చరణం వినలేదు.

మన క్లబ్‌లో సీనియర్లు కొందరు "స్టూడియో మానిటర్స్ కొనేదాకా మిక్సింగ్ జోలికి పోకు" అంటరు. ఇంకొందరేమో "గేర్‌తో ఏముంది, చెవి ఉంటే చాలు" అంటరు. నాకు రెండూ నచ్చవు. చెవి దాకా రాని శబ్దాన్ని చెవి ఎట్లా సరిచేస్తది? అట్లని 10 అడుగుల గదిలో సబ్‌వూఫర్ తెచ్చిపెడితే మోత పెరుగుతది తప్ప నిజం తెలియదు. 1978లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-10 స్పీకర్లలో బేస్ పెద్దగా ఉండకపోయేది, అయినా ప్రపంచమంతా స్టూడియోల్లో పెట్టుకున్నరు. వాటిలో ఏది తక్కువో వాడేటోళ్లకు తెలుసు గనుక పని నడిచింది. నన్నడిగితే, ఉన్న కొన్ని పైసలు ముందు బేస్ పెంచని ఒక వైర్ హెడ్‌ఫోన్ మీద పెట్టాలె. మీకు బాగా తెలిసిన నాలుగు పాటలు దాంట్లో వారం రోజులు వినాలె. మిక్స్‌లో కూర్చునేది ఆ తర్వాతనే.

ఇంకో మాట, కొందరికి కోపం రావచ్చు. డప్పు పాట కింద 808 ఎందుకు పెడుతున్నం? డీజే బండి కోసం. కానీ మన పాటలు వినేటోళ్లల్ల ఎక్కువమంది చేతుల ఉండేది ఫోనే. మంట దగ్గర కాగిన డప్పు మీద సిర్ర దెబ్బ పడితే ఏ ఫోన్‌లోనైనా చక్కగా పలుకుతది. దాన్ని కప్పేసే బేస్ నాకైతే వద్దు.

మూడోసారి మిక్స్‌లో 808 తీసెయ్యలేదు, తగ్గించిన. దానికి కొంచెం శాచురేషన్ కలిపిన. అప్పుడు 50 మీద 150, 200, 250 హెర్ట్జ్‌లు కూడా పుడతయి. ఫోన్ వాటిని ఎంతో కొంత పలుకుతది, కింది 50ని మన మెదడే ఊహించుకుంటది. ఆ ఖాళీ జాగాలో డప్పు మళ్లీ పెట్టిన. ఈసారి దోస్తు పాట పంపుతూ "ఆఖరి దాకా విను నాయినా" అని కింద రాసిండు.

హెడ్‌ఫోన్ క్లబ్ రూమ్‌లనే ఉంటది. పాటలు చేసేటోళ్లు తెచ్చుకోండి, కలిసి విందాం. మీ పాత ఫోన్ కూడా పట్టుకురండి.