పరిచయాల పట్టికకు జీఎస్టీ నంబరే ఆధారం
వ్యాపార పరిచయాల పట్టికను పేర్ల మీద కట్టకూడదు. పేరు నిలకడగా ఉండదు. గుంటూరు మిర్చి యార్డులో గోనె సంచులు కొనే ఒకే కొట్టు ఒక బిల్లులో ‘శ్రీ లక్ష్మీ ట్రేడర్స్’ అని, మరో బిల్లులో ‘శ్రీలక్ష్మి ట్రేడింగ్ కో’ అని, గుమస్తా ఫోనులో ‘లక్ష్మి మిర్చి’ అని ఉంటుంది. దాంతో ఒకే మెసేజి ఒకే యజమానికి మూడుసార్లు చేరి విసుగు తెప్పిస్తుంది. ఈ చిక్కును 15 అక్షరాల జీఎస్టీ నంబరు విప్పుతుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. అందులో నాలుగో అక్షరం ‘సి’ అయితే కంపెనీ, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘పి’ అయితే వ్యక్తి. ఎవరితో బేరం ఆడాలో సగం ఇక్కడే తెలిసిపోతుంది. ఒకే రాష్ట్రంలోని శాఖలు ఒకే నంబరు కింద ఉండవచ్చు గనుక పిన్‌కోడ్‌కు వేరే గడి తప్పనిసరి. జీఎస్టీ లేని చిన్న వ్యాపారికి ఫోను నంబరే ఆధారం. ఆపైన అసలు విలువైన గడులు మూడు: చివరిసారి ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, కొనాలన్న మాట ఎవరిది. మిర్చి రాక ఊపందుకునే జనవరికి ముందే సంచుల ధర చెప్పాల్సింది యజమానికి. మే దాటాక అదే కబురు వృథా. ‘ఇక ఫోన్ చేయొద్దు’ అన్నవారి మాటను తేదీతో సహా రాసి, ప్రతి ప్రచారానికీ ముందు ఆ పేర్లను పక్కకు తీయాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి ప్రధాన ఆధారం సమ్మతే.